‘క’ గుర్తు పెట్టిన పెట్టె

స్క్రూ మేష్టారు తన చేతికొచ్చిన ఏ వస్తువునూ ఊరికే చావనివ్వరు. పదేళ్ల నాటి కంప్యూటరును ఆయన ముందు పెట్టి “ఇక దీని పనైపోయిందండీ” అంటే ఆయనకు ఒళ్లు మండుకొస్తుంది. మూత విప్పి, తల లోపల దూర్చి, కాసేపు అటూ ఇటూ చూసి, “దీనికి రోగం రొష్టూ ఏమీ లేవు, ఆకలేస్తోందంతే” అంటారు. ఆకలంటే ఆయన భాషలో ర్యామ్ చాలకపోవడం. చచ్చిన సిస్టమ్‌లోంచి రెండు ర్యామ్ ముక్కలు పీకి ఇందులో గుచ్చుతారు. పాత డిస్కు పక్కన దానికంటే చురుకైన చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి తగిలిస్తారు. ప్రాసెసర్ మీద ఎండి అట్టకట్టిన పేస్టు గీకేసి కొత్తది రాస్తారు. సాయంత్రానికి అది లేచి కూర్చుంటుంది. ఒకప్పుడు శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పారు కాబట్టి మేష్టారు. కింద రాలిన ప్రతి స్క్రూనూ ఏరి మందుసీసాల్లో దాస్తారు కాబట్టి స్క్రూ మేష్టారు. అసలు పేరు ఆయనకే గుర్తుందో లేదో.

షాపులో ఆయనకు తోడు మరదలు. భార్యకు స్వయానా చెల్లెలు. నలభై దాటిన మనిషి, నోరు విప్పితే ఎదుటివాళ్లు సర్దుకుని కూర్చోవాలి. “బావా, మీరు సంపాదించిందంతా ఈ మందుసీసాల్లోనే ఉంది, మా అక్కకు ఓ సీసా ఇప్పించండి, మెళ్లో వేసుకుంటుంది” అని రోజుకోసారైనా అంటుంది. పనిలో మాత్రం ఆమెకు ఆమే సాటి. బ్లోయర్‌తో దుమ్ము ఊది, బోర్డును బ్రష్షుతో, స్పిరిట్‌తో రుద్ది, ఎండలో ఆరబెట్టిందంటే కొత్తది తెచ్చి పక్కన పెట్టినా తేడా తెలియదు.

ఈ పనిని షాపులో ‘కడగడం’ అనేవారు. చిక్కేమిటంటే, మేష్టారు డిస్కులోని పాత ఫైళ్లను మళ్లీ పైకి రాకుండా చెరిపెయ్యడాన్ని కూడా కడగడమే అనేవారు. ఆమెది బోర్డు కడగడం, ఆయనది డిస్కు కడగడం. పనైపోగానే ఎవరైనా సరే పెట్టె పక్కన సుద్దముక్కతో ‘క’ అని రాస్తారు. ముందు డిస్కు, తర్వాత దుమ్ము, అదీ వరస. కనుక దుమ్ము పోయిన పెట్టె మీద ‘క’ ఉందంటే రెండూ అయినట్టే. ఆమె షాపుకొచ్చిన ఎనిమిదేళ్లలో ఏ ‘క’ ఎవరిదని ఎవరూ ఎవర్నీ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. అదే కొంప ముంచింది.

లాయరమ్మ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. కొత్త సిస్టమ్‌లు కొన్నారు, పాతవి మూడున్నాయి, చూసి తీసుకెళ్లమని. మేష్టారు చూడ్డానికి వెళ్లిన రోజు అక్కడ బల్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది, పక్కన ఏడేళ్ల పాప. ఆవిడ గుమ్మంలో ఎవరి నీడ పడినా తలెత్తి చూస్తోంది. పాపకు ఆ భయం లేదు. మేష్టారు మోకాళ్ల మీద కూర్చుని పెట్టె మూత విప్పుతుంటే దగ్గరికొచ్చి తొంగి చూసింది.

“పాడైపోయిందా తాతా?”

“పాడవలేదమ్మా, పాతబడింది. బాగుచేస్తే పరిగెడుతుంది.”

“బాగయ్యాక మాకిస్తావా?”

తల్లి పాప చెయ్యి పట్టి వెనక్కి లాక్కుంది. కాసేపటికి లాయరమ్మ బయటికొచ్చి, వాళ్లిద్దర్నీ ముందు గుమ్మం గుండా కాకుండా, వెనక మెట్ల మీదుగా పక్కసందులోకి పంపించింది. మేష్టారు అది గమనించారు. లాయరమ్మ కూడా ఆయన గమనించడం గమనించింది.

“అందుకే చెబుతున్నాను మేష్టారూ,” అందావిడ, మూడింట్లో మూత ముందువైపు విరిగి ఉన్న పెట్టె మీద చెయ్యి వేసి. “ఈ మూడింట్లోనూ నా కేసుల ఫైళ్లున్నాయి. ముఖ్యంగా దీంట్లో. ఇల్లు వదిలి వచ్చేసిన ఆడవాళ్లు ఇప్పుడెక్కడ ఉంటున్నారో, పిల్లలు ఏ బడికి వెళ్తున్నారో అన్నీ ఉన్నాయి. ఇప్పుడు వెళ్లిన ఆవిడదీ ఉంది. ఆ అడ్రసు ఆవిడ మొగుడి చేతిలో పడిందంటే ఆవిడ బతకదు. నేను పెద్దమాట అనడం లేదు, ఇప్పటికోసారి చావు తప్పించుకుంది. ముందు ఇవి చెరిపెయ్యండి. తర్వాతే ఏదైనా.”

“కడిగేస్తానమ్మా.”

“నీళ్లతోనా?” అందావిడ కంగారుగా.

మేష్టారు నవ్వి, తమ షాపు భాష విడమర్చి చెప్పారు. ఆవిడ నవ్వలేదు. “మీ మాట మీద ఇస్తున్నాను” అంది.

మర్నాడు పెట్టెలు వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే రోడ్డు అవతల ఒకాయన నిలబడి, చేతిరుమాలుతో చేతులు తుడుచుకుంటూ, వ్యాను మీది షాపు పేరునూ కింద రాసిన ఫోను నంబరునూ చదువుతున్నాడు. మేష్టారు చూశారు. చూసి, వ్యాను మీద పేరు రాయించిన ఖర్చు ఊరికే పోలేదని సంతోషించారు కూడా.

షాపుకొచ్చి మొదటి పెట్టె విప్పితే లోపల ఎన్నేళ్ల దుమ్మో, పరుపులో దూదిలా ఉంది. ఫ్యాను కింద బల్లి గుడ్లు. మేష్టారికి తుమ్ములు మొదలయ్యాయి, ఒకటీ రెండూ కాదు, కళ్లూ ముక్కూ ఏకమయ్యేట్టు. “ముందు దీన్ని కడుగమ్మాయ్, నా వల్ల కాదు” అని బయటికొచ్చేశారు. ఎనిమిదేళ్లలో మొదటిసారి వరస తిరగబడింది. ఆమె మూడింటినీ కడిగింది, ఆరబెట్టింది, అలవాటుగా మూడింటి పక్కనా ‘క’ అని రాసింది. మేష్టారికి సాయంత్రానికల్లా జ్వరం. రెండు రోజులు దుప్పటి తియ్యలేదు. మూడోరోజు షాపుకొచ్చి ‘క’లు చూశారు. తను పడుకున్న రెండు రోజుల్లో మరదలే డిస్కులు కూడా కడిగేసిందనుకున్నారు, ఆమెకు ఆ పని రాకపోలేదు. డిస్కులు బావగారి పని కదా, ఆయనే చూసుకుంటారని ఆమె అనుకుంది. ఇద్దరూ అనుకున్నారు. ఒక్కరూ నోరు తెరిచి అనలేదు. మామూలుగా ఆ షాపులో నోళ్లకు సెలవుండదు, ఆ రోజే ఎందుకుందో.

అదే రోజు మధ్యాహ్నం కొనడానికి ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. చెల్లెలి కూతురు చదువుకోవడానికి ఓ సిస్టమ్ కావాలన్నాడు. చవగ్గా ఉంటే చాలు, పాతదైనా పరవాలేదు. మేష్టారు వరసగా ఉన్న మూడింటినీ చూపించారు.

“ఆ మూత విరిగింది ఇప్పించండి. విరిగింది కాబట్టి కాస్త తగ్గిస్తారు కదా.”

మేష్టారికి మనిషి తెగ నచ్చేశాడు. మెరుగు చూసి కాకుండా సరుకు చూసి కొనేవాడు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు? కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఆయన ఎదురుగానే పని మొదలుపెట్టారు. రెండు ర్యామ్ ముక్కలు గుచ్చారు, ఎస్ఎస్‌డీ బిగించి కొత్తగా విండోస్ ఎక్కించారు, సిస్టమ్ ఎంత చురుగ్గా లేస్తోందో చూపించారు.

“ఈ పాత డిస్కు తీసెయ్యమంటారా? నెమ్మదిగా తిరుగుతుంది.”

“వద్దొద్దు. ఉండనివ్వండి. ఫొటోలు పెట్టుకుంటాం.” ఆయన చేతిరుమాలు తీసి అరచేతులు తుడుచుకున్నాడు. “పాతదే కదా అని పారేస్తే ఎలా అండీ.”

సొంత తమ్ముడి నోట విన్నట్టయింది మేష్టారికి. పాత డిస్కుకు వైరు తగిలించి, లోపల ఏముందో చూడకుండానే మూత బిగించేశారు. పక్కన ‘క’ కనబడుతూనే ఉంది, ఇంకేం చూడాలి? తడిగుడ్డతో ఆ ‘క’ను తుడిచి, దాని చోట ఆరు నెలల గ్యారంటీ అని షాపు స్టిక్కరు అంటించి ఇచ్చారు. వచ్చినాయన పెట్టెను పసిబిడ్డలా రెండు చేతుల్లో ఎత్తుకుని వెళ్లాడు.

రెండ్రోజుల తర్వాత పొద్దున పదకొండింటికి లాయరమ్మ ఫోను చేసింది. మూడు డిస్కులూ చెరిపేసినట్టు ఓ కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపమంది, ఆఫీసు ఫైల్లో ఉండాలట. “సాయంత్రానికల్లా పంపిస్తానమ్మా” అన్నారు మేష్టారు. ఫోను పెట్టేసి కాగితం వెతుక్కుంటూ, “అమ్మాయ్, లాయరమ్మ డిస్కులు ఏ రోజు కడిగావు? తేదీ వెయ్యాలి” అన్నారు.

ఆమె చేతిలో బ్రష్షు ఆగిపోయింది. “నేనెక్కడ కడిగాను బావా? నేను బోర్డులు కడిగాను.”

“మరి ‘క’ రాసి ఉందిగా?”

“అది నా ‘క’.”

మేష్టారు మిగిలిన రెండు పెట్టెల్లో ఒకదాన్ని లాగి, డిస్కు తీసి, బల్ల మీది సిస్టమ్‌కు తగిలించారు. ఫైళ్లు వరసగా తెర మీదికొచ్చాయి. వకాలత్‌నామాలు, పిటిషన్లు, దేనికది సంవత్సరాల వారీగా. ఒక్కటి కూడా చెరగలేదు. అసలు భయం ఈ రెండింటిలో లేదు. మూడోది గడప దాటిపోయింది.

బిల్లు పుస్తకంలో ఆ కొన్నాయన రాయించిన నంబరుకు ఫోను చేశారు. ఆ నంబరు వాడుకలో లేదంది.

“లాయరమ్మకు చెప్పెయ్యండి బావా. ఇప్పుడే.”

“చెబుతానే. ముందోసారి వెతుకుదాం. దొరికాడనుకో, డిస్కు తెచ్చేసుకుంటే ఆవిడ దాకా వెళ్లే పనే ఉండదు.”

“దొరక్కపోతే?”

మేష్టారు వ్యాను తాళాలు వెతుక్కున్నారు. ముప్పై ఏళ్ల పేరు. ‘మీ మాట మీద ఇస్తున్నాను’ అన్న మనిషితో, నా మాట మీద సుద్దముక్క గీత తప్ప ఏమీ లేదమ్మా అని చెప్పాలంటే ఆయనకు తల కొట్టేసినట్టుగా ఉంది. సిగ్గు. అది ఒప్పుకోవాలి, ఆయనను ఆపింది భయం కాదు, వట్టి సిగ్గు. వ్యాను తీసుకుని బిల్లు మీది అడ్రసుకు వెళ్లారు. ఆ వీధిలో ఇళ్లు పదిహేడుతో ఆగిపోయాయి, ఆయన చేతిలో ఉన్న నంబరు నలభై ఒకటి. పక్కవీధి చూశారు, దాని పక్కది చూశారు. మెత్తటి మాట, ఇస్త్రీ చొక్కా అని చెబుతుంటే కిళ్లీకొట్టువాడు ఆయన్ను ఎగాదిగా చూశాడు. తిరిగి తిరిగి షాపుకొచ్చేసరికి మూడున్నర. మరదలు ఫోను చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. “మీరు చెయ్యకపోతే నేను చేస్తాను” అంది.

చేశారు. అంతా చెప్పారు. లాయరమ్మ చివరిదాకా విని ఒక్కటి అడిగింది.

“ఆ మనిషి మాటిమాటికీ చేతులు తుడుచుకుంటున్నాడా?”

మేష్టారికి రోడ్డు అవతల నిలబడి వ్యాను మీది నంబరు చదివిన మనిషి అప్పుడు గుర్తుకొచ్చాడు.

“మూత విరిగిన పెట్టే కావాలని అడిగుంటాడు,” అంది లాయరమ్మ. “పోయినేడు రాజీకి పిలిస్తే ఆ సిస్టమ్ ముందే కూర్చున్నాడు. ఆ రోజు మీరు చూసిన ఆవిడ, వాడి భార్య, ఎక్కడుందో చెప్పనన్నానని టేబుల్‌ను ఒక్క తన్ను తన్నితే కిందున్న పెట్టెకు తగిలింది. ఆ మూత విరగ్గొట్టింది వాడే. అప్పుడే తెలిసుంటుంది, అన్నీ దాంట్లోనే ఉన్నాయని. డిస్కులు చెరగలేదని మీకు ఎన్నింటికి తెలిసింది?”

“పదకొండింటికమ్మా.”

“ఇప్పుడు మూడున్నర” అంది లాయరమ్మ. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

బల్ల మీద పాపతో కూర్చున్న ఆవిడ బట్టలు కుట్టే కంపెనీలో పని చేస్తుంది. లోపలికి వెళ్లేముందు ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో వేసెయ్యాలి, షిఫ్టు దిగేదాకా ఇవ్వరు. లాయరమ్మ సూపర్‌వైజర్‌కు ఫోను చేసి ఆవిడను బయటికి పిలిపించింది, పోలీసులకు చెప్పింది, చూస్తామన్నారు. మేష్టారినీ మరదలినీ నేరుగా ఆవిడ ఇంటికి రమ్మంది. షాపులో పెట్టె కొన్నది వాడేనని పోలీసులకు చెప్పగలిగింది వాళ్లిద్దరే.

ఊరి చివర రెండంతస్తుల ఇల్లు. కింద ఇంటామె, పైన ఒక్క గది. వీళ్లు వెళ్లేసరికి ఇంటామె వరండాలో బట్టలు మడతపెడుతోంది.

“ఎవరైనా వచ్చారా అమ్మా?” అని అడిగింది లాయరమ్మ.

“ఎవరూ రాలేదే. కంప్యూటరు మనిషి తప్ప.”

మేష్టారు మెట్ల రాడ్డు పట్టుకున్నారు.

“మూడింటికి వచ్చాడు. ఆవిడ పాప కోసం కొన్నదట, ఇచ్చి పొమ్మన్నారన్నాడు. ముందు నమ్మలేదనుకోండి. కానీ పెట్టె మీద షాపు స్టిక్కరుంది, గ్యారంటీ కూడా రాసుంది. ఆ షాపు నాకూ తెలుసు, స్క్రూ మేష్టారిది, మంచివాడని చెప్పుకుంటారు. సరే పైన పెట్టుకోమన్నాను. పాప అప్పుడే బడి నుంచి వచ్చింది, గంటసేపు కూర్చుని ఓపిగ్గా దానికన్నీ నేర్పాడు. ఆవిడ వచ్చాక ఏడింటికి మళ్లీ వస్తాడట, ఇంటర్నెట్టు పెట్టడానికి.”

పైకి వెళ్లారు. మంచం పక్కన స్టూలు మీద మూత విరిగిన పెట్టె, వాడే తెచ్చిన తెర, పెట్టె మీద మేష్టారు తన చేత్తో అంటించిన స్టిక్కరు. పాప తెర ముందు కూర్చుని బొమ్మకు రంగులు వేస్తోంది. మేష్టార్ని చూడగానే దాని ముఖం వెలిగిపోయింది.

“తాతా, నేనడిగానని పంపించావు కదా!”

మేష్టారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. పదకొండింటికి ఒక్క ఫోను చేసి ఉంటే, పన్నెండింటికల్లా ఈ గది ఖాళీ అయ్యేది. వాడు మూడింటికి వచ్చి తాళం చూసుకుని పోయేవాడు. ఆ నాలుగు గంటలూ ఆయన కిళ్లీకొట్ల దగ్గర తన పేరు కాపాడుకుంటూ తిరిగారు.

తల్లి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. తెర చూసింది, స్టిక్కరు చూసింది, మేష్టార్ని చూసింది. లాయరమ్మ జరిగింది రెండు ముక్కల్లో చెప్పింది. తల్లి పాప ముందు కూర్చుంది.

“ఆయన నిన్ను ముట్టుకున్నాడా?”

“లేదమ్మా. మంచాయన. కానీ నన్నేదో వేరే పేరుతో పిలిచాడు. నాది ఆ పేరు కాదంటే నవ్వాడు.”

“ఏ పేరు?”

పాప ఆవిడ చెవిలో చెప్పింది. పాపకు మూడేళ్లప్పుడు దాన్ని తీసుకుని ఇల్లు దాటినప్పుడు ఆవిడ వదిలేసి వచ్చిన పేరది. పాపకు గుర్తు కూడా లేదు. ఆవిడ కళ్లు మూసుకుని, తెరిచి, మంచం కింద నుంచి సంచి లాగింది. సర్దడం చూస్తే తెలిసిపోతోంది, అలవాటైన చేతులు. ముందు కాగితాలు, తర్వాత మందులు, తర్వాత పాప బట్టలు. గిన్నెల జోలికి పోలేదు. పది నిమిషాలు పట్టలేదు.

మేష్టారు ఏదో ఒకటి చెయ్యాలని స్క్రూడ్రైవరు తీసి పెట్టె మూత విప్పబోయారు. “డిస్కు తీసేస్తానమ్మా” అన్నారు.

“ఇప్పుడు దాంతో ఏం పని మేష్టారూ,” అంది లాయరమ్మ. “వాడు చదివేశాడు. ఇంకా నలభై మంది ఉన్నారు దాంట్లో. వాళ్లందరికీ ఫోన్లు చెయ్యాలి నేను.” ఆవిడ గొంతులో కోపం కూడా మిగల్లేదు.

ఏడింటికి వాడొస్తాడని మళ్లీ ఫోను చేసినా పోలీసులు రాలేదు, ఆరున్నరకు లాయరమ్మ పిలిపించిన కారు సందు మొదట్లో ఆగింది. పాప కంప్యూటరు కూడా తీసుకెళ్తామా అని అడిగింది, తర్వాత అంది తల్లి. మేష్టారు గబగబా సంచి అందుకున్నారు. “నా వ్యానుంది తల్లీ, ఎక్కడికంటే అక్కడ దింపుతాను. రాత్రంతా తోలమన్నా తోలతాను.”

ఆవిడ సంచి ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుంది.

“వద్దండి. మీరు కావాలని చెయ్యలేదని తెలుసు. కానీ వాడు మళ్లీ మీ షాపుకొస్తాడు. మెత్తగా అడుగుతాడు. మీకు తెలిస్తే కదా చెప్పడానికి.” సంచి భుజాన వేసుకుంది. “మేం ఎటు వెళ్తున్నామో చూడకండి. అటు తిరగండి.”

మేష్టారు కాంపౌండు గోడ వైపు తిరిగారు. పక్కనే మరదలు కూడా తిరిగింది. వెనక అడుగుల చప్పుడు, కారు తలుపు తెరుచుకున్న చప్పుడు. “తాతా, టాటా” అని పాప కేకేసింది. ఆయన చెయ్యెత్తి గోడకే ఊపారు. ఇంజను మోగింది. కారు కుడికి తిరుగుతోందో ఎడమకి తిరుగుతోందో చప్పుడును బట్టి తెలిసిపోతుందేమోనని, స్క్రూ మేష్టారు రెండు చేతులతో గట్టిగా చెవులు మూసుకున్నారు.